ఏడో దయాకార్యం

మా వదిన సంపూర్ణతో అంగడికి పోవాలంటే నాకు సిగ్గుతో ప్రాణం పోయేది. కిలో టమాటాలకని పోయి, అక్కడే తెల్లారేలా నిలబడేవాళ్లం. ఆమె సంచి కింద పెట్టి, పక్కనున్న కూతుర్ని ముందుకు లాగి, "దీవెనా, ఈ గుమ్మడికాయను నాలుగు ముక్కలు కోస్తే మనం తీసుకునేది ఎన్నో వంతు?" అని అడిగేది. దీవెన ఆలోచిస్తూ ఉంటే వెనుక జనం పోగయ్యేవారు. తండా నుంచి కూరగాయలు తెచ్చి అమ్మే హేమ్లి ఒకరోజు కత్తి పక్కన పెట్టేసి, "అమ్మా, కాయ కొంటవా, పిల్లకు పరీక్ష పెడ్తవా? పరీక్షయితే చెప్పు, నేను పోయి చాయ్ తాగొస్త," అంది. చుట్టూ ఉన్నవాళ్లంతా పగలబడి నవ్వారు. నేను పక్క కొట్టులో ఉల్లిగడ్డలు ఏరుకుంటున్నట్టు నటించాను. వదిన మాత్రం జవాబు వచ్చేదాకా కదల్లేదు.

వదినది మధిర. రైల్వే స్టేషన్ పక్కన పెరిగిన మనిషి, బీఈడీ చేసింది, మాట మెత్తన. మా అన్న జస్టిన్‌ను చేసుకుని ఇల్లందు వచ్చింది. అన్న బొగ్గు గనిలో డంపర్ నడుపుతాడు. నా పేరు బ్లెస్సీ. వాళ్ల ఇంటి ముందుగదిలోనే నా కుట్టు మిషన్, నా దుకాణం, నా మంచం. పెళ్లి చేసుకోలేదు, ఎందుకని ఇక్కడ అడగకండి. ఒకే గోడకు ఇటు నేను, అటు వాళ్లు కాబట్టి వదిన పాఠాలన్నీ ఇష్టమున్నా లేకున్నా నా చెవిన పడేవి.

పిల్లను బడి మానిపించడం సరదాకు చేసిన పని కాదు. నాలుగో తరగతిలో దీవెనకు డెంగీ వచ్చింది. ఖమ్మం దవాఖానాలో పెట్టి బతికించి తెచ్చుకునేసరికి బళ్లో సగం పాఠాలు అయిపోయాయి. తిరిగి పోయిన పిల్ల రోజూ కళ్లు వాచిపోయి ఇంటికి వచ్చేది. వదిన అప్పటికి అదే బళ్లో టీచరు. ఒకరోజు మధ్యాహ్నం కూతురి చెయ్యి పట్టుకుని ఇంటికి వచ్చేసింది. ఇద్దరూ మళ్లీ ఆ గడప తొక్కలేదు. తర్వాత ఫోన్‌లో ఆమెకు ఒక గ్రూపు దొరికింది. ఇంట్లోనే పిల్లలకు చదువు చెప్పుకునే కాథలిక్ తల్లులు, కేరళ వైపు వాళ్లు, మంగళూరు వైపు వాళ్లు. ఇల్లే బడి, ఇంటి పనులే పాఠాలు అని వాళ్ల మాట. గ్యాస్ బుక్ చేసినా, రేషన్ తెచ్చినా, చర్చి ఊడ్చినా అందులో ఒక లెక్కో, ఒక సైన్సు ముక్కో, చర్చిలో నేర్పే సత్యోపదేశం ముక్కో ఉండాలట.

"చదువుకున్న తల్లే పిల్లను ఇంట్ల కూసోబెట్టింది" అని బంధువులు మొదలుకొని చర్చిలో వాళ్ల దాకా అందరూ అన్నారు. వదిన నవ్వి ఊరుకునేది కానీ ఆ మాట ఆమెకు లోపల దిగబడిపోయింది. అందుకే నలుగురున్న చోట పాఠం ఇంకాస్త గట్టిగా చెప్పేది. ఒట్టి గొప్పలు అని నేను పళ్లు కొరుక్కునేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే అవి గొప్పలు కావు, భయం. కూతురి బతుకు తన చేతులతో పాడు చేస్తున్నానేమో అన్న భయం.

పిల్లకు చదువు రాలేదని మాత్రం ఎవరూ అనలేరు. ఖమ్మం బస్సులో కూర్చుంటే దీవెన ఊళ్ల బోర్డులన్నీ తెలుగులో, ఇంగ్లీషులో చదివేది. రేషన్ దుకాణంలో తూకం సరిగ్గా ఉందో లేదో చూసేది. నేను ఒక జాకెట్‌కు గుడ్డ కత్తిరించబోతుంటే, "అత్తా, చేతులకు చాలదు," అని ఆపింది. కొలిచి చూస్తే నిజమే. ఆ రోజు నాకు కోపమూ వచ్చింది, ముద్దూ వచ్చింది.

ఇప్పుడు మా పెద్దమ్మ ఆరోగ్యం గురించి చెప్పాలి. మా అమ్మకు అక్క. మా అమ్మ పోయేనాటికి నేను ఇంకా చంకలో పిల్లను, అన్న అప్పుడే బడికి పోతున్నాడు. పిల్లల్లేని పెద్దమ్మ మమ్మల్నిద్దర్నీ తెచ్చుకుని, గని కార్మికుల బస్సులు ఆగే చోట ఇడ్లీలమ్మి పెంచింది. మాకు అమ్మంటే ఆమే. ఇప్పుడు మోకాళ్లు అరిగిపోయాయి, షుగరుంది, బస్తీలో రేకుల ఇంట్లో ఒక్కతే ఉంటుంది. మా ఇంటికి వచ్చెయ్యమని అన్న ఏళ్ల తరబడి అడుగుతున్నాడు. "నా ఇంట్ల నేను రాణిని. మీ ఇంట్లకొస్తె ముసల్దాన్నయిత," అని ప్రతిసారీ అదే జవాబు.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. పూజలో ఫాదర్ పెట్టే అప్పం, అంటే సత్ప్రసాదం, మొదటిసారి తీసుకోబోయే పిల్ల ముందురోజు సాయంత్రం ఇంటి పెద్ద ముందు మోకరించి, చేసిన తప్పులకు క్షమించమని అడగాలి. ఆ పెద్ద నుదుటి మీద బొటనవేలితో సిలువ గీయాలి. ఆ సిలువ లేకుండా మా ఇంట్లో ఎవరూ సత్ప్రసాదం తీసుకోలేదు. అన్నకూ నాకూ గీసింది పెద్దమ్మే. దీవెనది నవంబరులో క్రీస్తురాజు పండుగ నాడని ఖాయమైంది. "పిల్లకు సిలువ గీసి, పండుగ అయినంక మీ ఇంటికే ఒస్త తియ్యి," అని పెద్దమ్మ మొదటిసారి ఒప్పుకుంది. అన్న అదే సాయంత్రం కొత్త మడత మంచం కొనుక్కొచ్చి దీవెన గదిలో వేశాడు. పెద్దమ్మ మనసు మార్చుకోకముందే నవంబరు వస్తే చాలని మేమంతా ఎదురుచూశాం.

ఈలోగా వదిన ఏడు దయాకార్యాల పాఠం మొదలుపెట్టింది. మా సత్యోపదేశంలో పిల్లలంతా కంఠతా పట్టేవే. ఆకలైనవారికి అన్నం పెట్టాలి, దాహమైనవారికి నీళ్లివ్వాలి, బట్టలు లేనివారికి బట్టలివ్వాలి, నీడ లేనివారికి నీడ ఇవ్వాలి, రోగులను చూడాలి, చెరలో ఉన్నవారిని చూడాలి, చనిపోయినవారిని పూడ్చాలి. నేనూ చిన్నప్పుడు గడగడా అప్పజెప్పి, బయటికి పోయి గోలీలాడుకున్నదాన్నే. వదిన అలా ఒప్పుకుంటుందా! "కంఠతా పడితే చదువు ఎలా అవుతుంది బ్లెస్సీ? ఎలాగూ పనుల మీద బయటికి పోతున్నాం. దారిలో ఒక్కొక్కటీ చేద్దాం. సత్ప్రసాదం నాటికి ఏడూ పూర్తవ్వాలి," అంది.

అంగడికి పోయే దారిలోనే పెద్దమ్మ ఇల్లు. అక్కడే వచ్చింది చిక్కంతా.

వదిన పెద్దమ్మకు టిఫిన్ ఇవ్వడం కొత్తేమీ కాదు. కొత్తగా జరిగిందేమంటే, గిన్నె దీవెన చేతికిచ్చి, "ఇది మొదటిది, గుర్తుందా?" అనడం. నల్లా దగ్గర బిందె నింపి పెద్దమ్మ ఇంట్లో పెట్టి, "రెండోది," అనడం. ఇవన్నీ దారిలోనో గుమ్మం బయటో, గొంతు తగ్గించి. లోపల మంచం మీద ఉన్న పెద్దమ్మకు ఏమీ తెలియదు. కోడలూ మనవరాలూ రోజూ వస్తున్నారని, మంచానికి ఇటువైపు జరిగి వాళ్లకు చోటిచ్చేది.

చెరలో ఉన్నవారి కోసం వదిన పడ్డ తిప్పలు చెప్పకుండా ఉండలేను. గ్యాస్ ఏజెన్సీకి పోతూ పోలీస్ స్టేషన్ ముందు ఆగింది. వరండాలో బెంచీ మీద ఒకతను దిగాలుగా కూర్చుని ఉన్నాడు. దీవెనతో అతనికి అరటిపండ్లు ఇప్పించి, "దేవుడు మిమ్మల్ని క్షమిస్తాడు," అని చెప్పించింది. అతను దండం పెట్టి తిన్నాడు. ఆ వారమే అతను ప్యాంటు పొట్టి చేయించుకోవడానికి నా దుకాణానికి వచ్చాడు. పేరు రామ్‌సింగ్. అతని మేకలు పోయాయట, ఫిర్యాదియ్యడానికి స్టేషన్‌కు పోయాడట. "పండ్లిచ్చిన్రు మంచిగనే ఉంది. కాని దేవుడు నన్నెందుకు క్షమించాలె చెల్లె? మేకలు పోయింది నావి," అన్నాడు. నేను నవ్వాపుకోలేక వదినకు చెప్పాను. ఆమె చెవులదాకా ఎర్రబడింది. అప్పుడైనా మేము ఆగాల్సింది. నేను నవ్వి వదిలేశాను, ఆమె ఆరోదాన్ని పూర్తయినట్టే లెక్కేసుకుంది.

ఇక చీర. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నాకు మనసులో అదోలా అవుతుంది. వదిన నన్ను వెంటేసుకుని ఇల్లందులో దుకాణాలన్నీ తిరిగింది. పెద్దమ్మకు మరియమాత వేసుకునే నీలం ఇష్టం, అదే నీలం దొరికేదాకా ఊరుకోలేదు. అంచు పట్టి చూసింది, వెలుతురులోకి తీసుకుపోయి చూసింది, మోకాళ్ల నొప్పుల మనిషికి బరువుండకూడదని చేతిలో తూచి చూసింది. జాకెట్ నేనే కుట్టాను. అందులో ఉన్నది ప్రేమ కాకపోతే ఇంకేమిటో నాకు తెలియదు. కానీ ఇచ్చేటప్పుడు దీవెన చేతికిచ్చింది, దారిలో "ఇది మూడోది" అని చెప్పింది, పెద్దమ్మ చీర విప్పుకుని చూసుకుంటుంటే ఫొటో తీసి గ్రూపులో పెట్టింది. ఆ ఫొటోకు పూలూ చప్పట్లూ బోలెడు వచ్చాయి.

అక్టోబరు మాకు జపమాల నెల. సాయంత్రం పూట మరియమాత స్వరూపం రోజుకొక ఇంటికి వస్తుంది, వాడకట్టంతా అక్కడ చేరి జపమాల చెబుతారు. పెద్దమ్మ వంతు వచ్చిన రోజు ఆమె రేకుల ఇల్లు మెరిసిపోయింది. శనగ గుగ్గిళ్లు ఉడికించింది. నీలం చీర కట్టింది. వచ్చిన ప్రతి మనిషికీ కొంగు చూపించి, "నా కోడలు తెచ్చింది, చూడున్రి. నేను అడగనే లేదు," అని చెప్పింది. వదిన ఆ పొగడ్తకు తల వంచుకుంది. సంతోషంతోనే అనుకోండి.

జపమాల అయింది. గుగ్గిళ్లు పంచుతున్నారు. మా చర్చిలో పాటలు పాడే ఒకావిడ, మాటకు కొంచెం ముల్లుంటుంది, దీవెన గడ్డం పట్టుకుని, "ఏం బిడ్డా, బడి లేదు గిడి లేదు, ఇంట్ల ఏం చదువుతున్నవ్?" అని అడిగింది. అందరూ అటు చూశారు. వదిన ముఖం బిగుసుకుపోయింది. కూతురి భుజం తట్టి, "చెప్పు దీవెనా, మన దయాకార్యాలు చెప్పు. ఎలా చేస్తున్నామో కూడా చెప్పు," అంది.

దీవెన చేతులు చాచి ఏడు వేళ్లు చూపించింది. వేళ్లు ముడుచుకుంటూ, పద్యం అప్పజెప్పినట్టు స్పష్టంగా మొదలుపెట్టింది.

"ఆకలైనవారికి అన్నం పెట్టాలి. మా నాయనమ్మకు పెట్టినం. దాహమైనవారికి నీళ్లియ్యాలి. నాయనమ్మకు బిందె నింపినం. బట్టలు లేనివారికి బట్టలియ్యాలి. నాయనమ్మకు నీలం చీర ఇచ్చినం."

గుగ్గిళ్ల గిన్నె పట్టుకున్న పెద్దమ్మ చెయ్యి ఆగిపోయింది. నేను "దీవెనా, చాలమ్మా" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. పిల్ల ఆగలేదు. ఆగమని ఎవరు నేర్పారు గనక?

"నీడ లేనివారికి నీడ ఇయ్యాలి. పండుగ అయినంక నాయనమ్మ మా ఇంటికి ఒస్తది, అప్పుడది కూడా అయిపోతది. రోగులను చూడాలి, నాయనమ్మను చూస్తనే ఉన్నం. చెరల ఉన్నవారిని చూసినం, అరటిపండ్లిచ్చినం." ఇంకొక్క వేలే మిగిలింది. దీవెన దాన్ని అలాగే నిలబెట్టి, పెద్దమ్మ వైపు తిరిగి, ఆత్రంగా అడిగింది. "నాయనమ్మా, చనిపోయినవారిని పూడ్చాలి. అదొక్కటే మిగిలింది. నువ్వెప్పుడు చచ్చిపోతవ్?"

అడిగినావిడ గుగ్గిళ్ల వైపు చూస్తూ కూర్చుంది. భూమి నోరు తెరిస్తే నేను, వదిన ఇద్దరం అందులో దూకేసేవాళ్లం. పెద్దమ్మ మాత్రం నెమ్మదిగా గిన్నె ముందుకు జరిపి, "తీసుకోన్రి, సల్లారిపోతున్నయి," అంది. చివరి మనిషి దాకా పంచింది. అందర్నీ గుమ్మం దాకా సాగనంపింది. మమ్మల్ని కూడా సాగనంపింది, పరాయివాళ్లను పంపినట్టే, చేతులు జోడించి.

ఇంటికి రాగానే దీవెన ఏడుపు ముఖంతో, "అమ్మా, ఏదన్న మరిచిపోయిన్నా? ఏడు చెప్పిన కదా," అని అడిగింది. వదిన స్నానాల గదిలోకి పోయి తలుపేసుకుంది. చాలాసేపు నల్లా చప్పుడు మాత్రమే వినిపించింది. డ్యూటీ నుంచి వచ్చిన అన్నకు నేనే చెప్పాను. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. దీవెన గదిలోకి పోయి, కొత్త మంచం మడిచి, గోడకు ఆనించి పెట్టాడు. ఆ చప్పుడుకు వదిన వంటింట్లోంచి తొంగి చూసి, మళ్లీ లోపలికి పోయింది.

మర్నాడు పొద్దున్నే ఆమె పెద్దమ్మ దగ్గరికి బయలుదేరింది. తోడు రమ్మంటే పోయాను. రాత్రంతా మాటలు కూర్చుకున్నట్టుంది, నడుస్తూ పెదవులు కదుపుతూనే ఉంది. గుమ్మం దాకా పోయాక గానీ ఇద్దరం గమనించలేదు, ఆమె చేతిలో టిఫిన్ గిన్నె ఉంది. అలవాటుగా తెచ్చేసింది. పెద్దమ్మ గిన్నె వైపు చూసింది.

"గిది ఎన్నోది?" అని అడిగింది.

వదిన గిన్నెను వెనక్కి దాచుకుంది, చిన్నపిల్లలా. పెద్దమ్మ లోపలికి పోయి నీలం చీర తెచ్చింది. ఉతికి, ఆరబెట్టి, మడత పెట్టి ఉంది. పైన నేను కుట్టిన జాకెట్. "బట్టలు లేనోళ్లకు ఇయ్యి బిడ్డా. నాకు పెట్టెల నాలుగు చీరలున్నయి. ఇల్లు కూడ ఉంది. నీడ లేనోళ్లెవరన్న ఉంటె ఆ మంచం మీద పండబెట్టు."

"అత్తమ్మా, చీర నేను నిజంగా మీ కోసమే..." అని వదిన మొదలుపెట్టింది.

"మరి గట్లనే చెప్పి ఇయ్యకపోయినవా," అంది పెద్దమ్మ. గొంతు పెంచలేదు. "నేను ఊరంత చెప్పుకున్న. నా కోడలు తెచ్చింది అని. మీ ఇంటి మనిషిననుకున్న సంపూర్ణా. పాఠంలెక్క ఉన్ననని నాకు ఎర్క లేకపాయె."

ప్రేమ నిజమే, పాఠమూ నిజమే. రెండూ ఒకే చీరలో మడిచి ఇస్తే, అందుకున్న మనిషికి ఏది కనబడుతుంది? వదిన చీర పట్టుకుని ఇంటికి వచ్చి బీరువాలో పెట్టింది. గ్రూపులో ఫొటో తీసేసింది. చూసినవాళ్లు ఎలాగూ చూసేశారు.

తర్వాత వచ్చిన ఆదివారం పూజలో పెద్దమ్మ మా ముందు వరుసలో కూర్చుంది. ఒకరికొకరు సమాధానం, అంటే శాంతి, చెప్పుకోమని ఫాదర్ అన్నప్పుడు మేమంతా చుట్టూ ఉన్నవాళ్లకు చేతులు జోడించి తల వంచుతాం. వదిన చేతులు జోడించి పెద్దమ్మ వెనక్కి తిరగడం కోసం చూసింది. పెద్దమ్మ కుడి పక్కకు తిరిగింది, ఎడమ పక్కకు తిరిగింది, వెనక్కి మాత్రం తిరగలేదు. వదిన చేతులు అలాగే గాలిలో ఉన్నాయి. దించాలో లేదో తెలియక ఆమె పడ్డ అవస్థ చూడలేక నేనే ఆమె వైపు తిరిగి దండం పెట్టాను.

ఆ రోజు నుంచి మా ఇల్లు మూగబోయింది. వదిన పలకా పుస్తకం పాఠాలు చెప్పేది, అంతే. అంగడికి పోతే తలొంచుకుని కూరగాయలు తీసుకుని వచ్చేసేది. హేమ్లికి కూడా ఏమీ తోచలేదు పాపం. "ఏందమ్మా, గుమ్మడికాయ ఎన్ని ముక్కలు జెయ్యాలె?" అని తనే అడిగింది. వదిన, "నీ ఇష్టం," అంది. దీవెన సంచి పట్టుకుని అమ్మ ముఖంలోకి చూస్తూ నడిచేది, ఎప్పుడడుగుతుందా అని. అంగడికి పెద్దమ్మ ఇంటి మీదుగా కాకుండా చుట్టు తిరిగి పోవడం మొదలుపెట్టారు. నాకు వదిన మీద జాలి, పెద్దమ్మ మీద జాలి, ఆ పిల్లను చూస్తే ఇంకా జాలి.

క్రీస్తురాజు పండుగకు ముందురోజు సాయంత్రం వచ్చింది. సిలువ గీయించుకోవాలి. అన్న సెకండ్ షిఫ్టులో ఉన్నాడు. "నువ్వు తీసుకుపో బ్లెస్సీ," అంది వదిన. "తల్లివి నువ్వు రావాలె," అన్నాను. వచ్చింది, ఉత్త చేతులతో. సందు మలుపు తిరిగి పెద్దమ్మ ఇంటి దడి కనిపించగానే ఆగిపోయింది. "నేను ఇక్కడే ఉంటాను. నన్ను చూస్తే పిల్లకు కూడా గీయదేమో," అంది. లాగినా రాలేదు. దడి పక్కన నిలబడిపోయింది.

నేనూ దీవెనా లోపలికి పోయాం. పెద్దమ్మ మంచం మీద కూర్చుని ఉంది, మేము వస్తామని తెలిసినట్టే. మాసిన చీర కాదు, ఉతికిన పాత చీర కట్టుకుంది. దీవెన ఆమె ముందు మోకరించింది.

"ఏం తప్పు జేసినవ్ బిడ్డా?" అని పెద్దమ్మ అడిగింది. అడగడం కూడా పద్ధతిలో భాగమే.

"లెక్క తప్పు చెప్పిన నాయనమ్మా."

"ఏం లెక్క?"

"ఏడన్న. ఆరే. ఏడోది నేను చెయ్య. నువ్వు చచ్చిపోవద్దు." దీవెన ముక్కు ఎగబీల్చింది. "ఆరు చేసినా సత్ప్రసాదం ఇస్తరట. ఫాదర్‌ను అడిగిన."

పెద్దమ్మ ముందుకు వంగింది. "గిట్ల చెప్పమని మీ అమ్మ నేర్పిందా?"

"లేదు. అమ్మ ఇప్పుడు నాకేం నేర్పుతలేదు. అంగడికి పోయినా ఏమడుగుతలేదు. ఊరికెనే నడుస్తది."

పెద్దమ్మ కళ్లు గుమ్మం వైపు పోయాయి. దడి సందుల్లోంచి వదిన చీర రంగు కనిపిస్తూనే ఉంది. నేను చెప్పనూ లేదు, దాచనూ లేదు. పెద్దమ్మ దీవెన గడ్డం పట్టుకుని పైకెత్తింది.

"ఏడోది నువ్వే చెయ్యాలె బిడ్డా. నాకు ఇంకెవరున్నరు? నువ్వూ, మీ నాయినా, మీ అత్తా, మీ అమ్మా. మీరే మన్నెయ్యాలె. కాని ఆ రోజు వేళ్లు లెక్కపెట్టకు. ఏడువు. బస్తీ అంత ఇనబడేటట్టు ఏడువు. గదే నాకు కావాలె." అంటూ బొటనవేలితో పిల్ల నుదుటి మీద సిలువ గీసింది, నాకు ఒకప్పుడు గీసినట్టే, గట్టిగా, గోరు తగిలేలా.

బయట దడి పక్కన ఎవరో గొల్లుమన్నారు. ఎవరో ఏమిటి, వదినే. ఇన్ని రోజులూ నల్లా చప్పుడు చాటున దాచుకున్నదంతా ఒక్కసారిగా బయటికొచ్చింది. పక్కింటి తలుపు తెరుచుకుంది, ఎదురింటి కుక్క మొరిగింది.

పెద్దమ్మ మెడ చాచి బయటికి కేకేసింది. "గిప్పుడే కాదు సంపూర్ణా, నేనింక బతికే ఉన్న! లోపలికి రా."

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. వదిన కొంగుతో ముఖం తుడుచుకుంటూ వచ్చి, గుమ్మం లోపల కింద కూర్చుంది. కూర్చుకున్న మాటల్లో ఒక్కటీ గుర్తురాలేదట, తర్వాత నాకు చెప్పింది. "అత్తమ్మా," అనగలిగింది, అంతే. పెద్దమ్మ క్షమించానని అనలేదు. "ఏడ్చింది చాలు. పోయి చాయ్ పెట్టు. నాకు చక్కెర ఎయ్యకు, షుగరుంది," అంది. వదిన లేచి పోయి చాయ్ పెట్టింది. అది ఎన్నోదని ఎవరూ అనుకోలేదు.

మర్నాడు పెద్దమ్మ ఆ పాత చీరతోనే చర్చికి వచ్చింది. తెల్ల గౌనులో దీవెన సత్ప్రసాదం తీసుకుని వస్తుంటే కళ్లొత్తుకుంది. సమాధానం చెప్పుకునే వేళ ఈసారి వెనక్కి తిరిగింది, వదినకే చేతులు జోడించింది. వదిన జోడించింది గానీ కళ్లెత్తి చూడలేకపోయింది.

ఇది జరిగి చాలా రోజులైంది. అంగడిలో ప్రశ్నలు మళ్లీ మొదలయ్యాయి, కొంచెం మెల్లగా. పెద్దమ్మ ఇంట్లోకి అడుగు పెట్టాక మాత్రం వదిన పాఠం మాటెత్తదు. నీలం చీర మా బీరువాలో అలాగే ఉంది. ఎవరికీ ఇవ్వదు, తను కట్టదు. మడత మంచం గోడకు ఆనించే ఉంది. నాయనమ్మ ఎప్పుడొస్తుందని దీవెన అడుగుతూనే ఉంటుంది. "నువ్వు పిలువు వదినా, ఒస్తది. నువ్వు పిలవాలనే చూస్తున్నది," అని నేను అంటాను. ప్రతి ఆదివారం పూజ అయ్యాక వదిన పెద్దమ్మ పక్కకు పోయి నిలబడుతుంది, మాత్రలున్నాయా అని అడుగుతుంది, మోకాళ్లెలా ఉన్నాయని అడుగుతుంది. ఇంటికి రమ్మని అడగడానికి మాత్రం ఆమెకు ఇంకా ముఖం చెల్లడం లేదు.